వేలు విడిచిన మేనమావ

మా ఊరి మ్యూజియం ఒకప్పటి ఫైర్ స్టేషన్. మూడు గదులు, ఒక షెడ్డు, షెడ్డు నెత్తిన చెక్కగూడు, అందులో కంచుగంట. గంటకు కట్టిన తాడు ఎప్పుడో చీకిపోయింది. గదుల్లో తూకపు రాళ్లు, కాలితో తొక్కే కుట్టుమిషన్లు, ఊళ్లోకి వచ్చిన మొదటి టెలిఫోను ఉంటాయి. షెడ్డులో ఉన్నది మాత్రం ఒక్కటే వస్తువు. నూట పాతికేళ్ల నాటి చేతిపంపు ఫైరింజను.

దానికి మోటారు లేదు. నాలుగు చెక్కచక్రాల మీద ఎర్రటి తొట్టి, తొట్టిలో పంపు, దానికి అటూ ఇటూ రెండేసి బారల పొడవున పిడికర్రలు. ఒక్కో కర్ర దగ్గర ఆరుగురు నిలబడాలి. ఉయ్యాలబల్ల ఆడినట్టు అటువాళ్లు కిందికి నొక్కితే ఇటు కర్ర పైకి లేస్తుంది, ఇటువాళ్లు నొక్కితే అటుది లేస్తుంది. మా ఆయన ఆ ఇంజను మీద చెయ్యి వేసేనాటికి అది నీళ్లు చిమ్మడం మానేసి నలభై ఏళ్లయింది.

ఆయన నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిట్టరు. రిటైరైన మర్నాడే అన్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు బయలుదేరారు.

"రిటైరయ్యాక కూడా డబ్బా ఏమిటండీ?" అన్నాను.

"ఇంట్లో కూర్చుంటే నేను మాట్లాడే మాటలు కూడా దిద్దుతావు," అన్నారు.

నేను తెలుగు టీచర్ని. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆరేళ్ల పాటు ఒక్కో మర విప్పి, తుప్పు గీకి, నూనె పట్టించి, అట్టముక్క మీద పేరు రాసి తీగతో కట్టి, చెక్క పళ్లేల్లో పేర్చారు. ఇంజను తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. బొమ్మల పుస్తకం లేదు. ఏ ముక్క ఎక్కడిదో చెప్పేవి ఆ అట్టముక్కలే. ఇంకెవరైనా అయితే వరసగా అంకెలు వేసేవారు. ఈయన అంకెల వరస కాకుండా చుట్టరికాల వరస పెట్టారు.

రెండు పిస్టన్లు 'తోటికోడళ్లు'. ఒకరు పైకి లేస్తే రెండోవారు కిందికి దిగాల్సిందే, ఇద్దరికీ ఒక్క మాట మీద పొసగదు. ఎదురెదురుగా ఉండే పిడికర్రలు 'వియ్యంకులు'. బయటి నుంచి నీళ్లు లాగే గొట్టం 'కొత్తల్లుడు', ఎంత పోసినా ఇంకా లాగుతూనే ఉంటాడు కాబట్టి. అందరికంటే పైన కూర్చుని, లోపల గాలి బిగబట్టి, నీటిధార ఎగుడుదిగుడు కాకుండా అదుపులో పెట్టే రాగి బుడ్డి 'అత్తగారు'.

"నంబరు వేస్తే నంబరే గుర్తుంటుందోయ్," అనేవారు నాతో. "వరస తెలిస్తే ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని కూర్చోబెట్టకూడదో వేరే చెప్పక్కర్లేదు."

పోయిన వేసవి సెలవులు మొదలైన ఆరో రోజున ఆయన పోయారు. దీన్ని ఇంతకంటే పెద్ద వాక్యంగా రాయడం నాకు ఇంకా రాలేదు.

ఆయన ఉంగరం నేను పెట్టుకుంటున్నాను. నా వేళ్లన్నిటికీ వదులే, బొటనవేలికి మాత్రం కొలత తీసినట్టు సరిపోతుంది. బోర్డు మీద రాస్తుంటే తగిలి టక్కుమంటుంది. మొదట్లో పిల్లలు తలెత్తి చూసేవారు. ఇప్పుడు అలవాటు పడ్డారు.

ఆయన పోయిన రెండు నెలలకు మ్యూజియం చూసుకునే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఏ అట్ట ఏ ముక్కదో వెనక పెన్సిలుతో గుర్తు పెట్టిన అట్టముక్కల కట్ట సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"టీచర్ గారూ, జిడ్డు పట్టి అక్షరాలు పోతున్నాయి. ఇంకో వానాకాలం ఆగితే మిగలవు. మీ దస్తూరీ ముత్యాలు కదా. కొత్త కార్డుల మీద మీరు తిరగరాసి ఇస్తే, వాటిని చూసి ఇంజను బిగించుకుంటాం."

నూట నలభై రెండు కార్డులు నాలుగు రోజుల్లో రాశాను. ఆయన చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. 'ళ' రాయాల్సిన చోట 'ల' రాస్తారు. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి ఆగలేదు. అన్నీ దిద్దాను. ఒక్క మాటతో పోయేదానికి మూడు మాటలు ఎందుకని పిల్లలకు చెప్పేదాన్ని, ఇక్కడా అదే చేశాను. ఆ నాలుగు రోజులూ ఆయనతో పోట్లాడుతున్నట్టే ఉంది. చాలా రోజుల తర్వాత బాగా నిద్రపట్టింది.

బిగించే పని గడియారాల మేస్త్రీ నెత్తిన వేసుకున్నాడు. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఊళ్లో అందరి గడియారాలూ సరిచేస్తాడు గానీ, తను మాత్రం ఏ రోజూ చెప్పిన వేళకు రాలేదు. కార్డులు చదివి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తూ బిగించేవాడు. "రావమ్మా పెద్ద తోటికోడలా, మీ చెల్లెలు అప్పుడే వచ్చి కూర్చుంది." నేను బడి అయ్యాక వెళ్లి దీపం పట్టుకుని నిలబడేదాన్ని. ఆ షెడ్డులో నేను నవ్వినంతగా ఆ ఏడాది ఇంకెక్కడా నవ్వలేదు.

తొట్టి అడుగున రెండు తోలు మూతలున్నాయి. చెప్పులు కుట్టే ఆవిడ కొత్త తోలు కోసి ఇచ్చింది. కింది నుంచి నీళ్లు వస్తే అవి తెరుచుకోవాలి, నీళ్లు వెనక్కి పోబోతే మూసుకోవాలి. వాటి పేరు 'మేనకోడళ్లు'. వాటి మీదికి ఒక ఇత్తడి పలక వస్తుంది. మర తిప్పితే పైకీ కిందికీ జరుగుతుంది. దాని కార్డు మీద 'మేనమామ' అని ఉంది.

"దీన్ని ఎంత కిందికి దించాలో రాయలేదే?" అని మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. మళ్లీ తనే జవాబు చెప్పుకున్నాడు. "మేనమామ అన్నాక మేనకోడళ్లని అక్కున చేర్చుకోక దూరంగా ఎందుకుంటాడమ్మా?" అని పలకను మూతలకు ఆనేదాకా బిగించేశాడు.

నాకూ సబబుగానే తోచింది.

ఈలోగా పెద్ద నగరంలోని పెద్ద మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంజను పనిచేసే స్థితిలో లేకపోతే తమకు ఇవ్వాలని, తమ గిడ్డంగిలో భద్రపరుస్తామని అందులో ఉంది. మా మ్యూజియం కమిటీ కార్యదర్శి నిక్కచ్చి మనిషి. ఆదివారం ఊరందరినీ పిలిచి పంపు ఆడించి చూద్దామన్నాడు.

"పూర్వం కొత్త పంపు వస్తే ఇదే పరీక్షట. నీళ్లు కొడితే పైన గంట మోగాలి. మోగిందా, ఇంజను ఇక్కడే ఉంటుంది, ఆ ఉత్తరానికి జవాబు నేనే రాస్తాను. మోగలేదా, సోమవారం లారీ వస్తుంది."

ముందుగా గురువారం సాయంత్రం మేమే ఒకసారి ఆడించి చూశాం. పిడికర్ర లేవనంటే లేవనంది. నలుగురం బలవంతాన లేపితే, వదలగానే వెనక్కి గుంజుకుంది. గొట్టం మూతిలోంచి ఒక్క చుక్క రాలేదు. లోపల ఎవరో ఊపిరి బిగబట్టి అలిగి కూర్చున్నట్టుంది. మేస్త్రీ అన్ని మరలూ తడిమి చూశాడు. అన్నీ కార్డుల్లో ఉన్నట్టే ఉన్నాయి.

కార్యదర్శి చెడ్డవాడు కాదు. కళ్లజోడు తుడుచుకుంటూ మెల్లగానే అన్నాడు. "నేనేమీ అనట్లేదు టీచర్ గారూ. ఉన్నమాట చెబుతున్నాను. విప్పకముందు చూడ్డానికైనా నిండుగా ఉండేది. ఆయన ఉత్సాహంతో విప్పారు, కాదనను. కానీ బాగుచేయబోయి పాడుచేశారని రేపు పదిమందీ అంటే మనం ఏం చెప్పగలం?"

ఇంజను వెళ్లిపోవడం ఒక సంగతి. ఆ మాట ఊళ్లో ఉండిపోవడం ఇంకో సంగతి. ఆరేళ్లు మోకాళ్ల మీద కూర్చుని తుప్పు గీకిన మనిషికి చివరికి మిగిలేది ఆ ఒక్క వాక్యమేనా అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ వాక్యం ఎలా దిద్దాలో నాకు తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం మా ఆడపడుచు షెడ్డుకు వచ్చింది. ఆయనకు ఒక్కతే చెల్లెలు, సిటీ బస్సు నడుపుతుంది. అంతకుముందు కండక్టరుగా చేసింది. అందుకే ఊరంతా ఆమెను 'రైట్ రైట్' అంటారు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి, ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కార్డులు చదవడం మొదలుపెట్టింది.

"అత్తగారా! ఈ రాగి బుడ్డా? వదినా, ఇది అచ్చం మా అమ్మే. లోపల కుతకుత, పైకి నున్నగా!"

"ఆ పోలిక నీ నోటి నుంచే వచ్చింది. నేను అనలేదు."

"నువ్వెందుకంటావు, కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టి!" అని పగలబడి నవ్వింది. ఇంకో కార్డు తీసింది. నవ్వు ఆగింది. "ఇదేంటి?"

"మేనమామ."

"అది నాకూ చదవడం వచ్చు వదినా. ఇది అన్నయ్య రాసింది కాదు."

"కాకపోతే ఇంకెవరు రాస్తారు?"

"మాకు మేనమామ ఎక్కడున్నాడు? మా అమ్మకి తోడబుట్టినవాళ్లే లేరు. అమ్మకి పెత్తండ్రి కొడుకు ఒకాయన ఉండేవాడు. వేలు విడిచిన మేనమామ. ఇంటికొచ్చేవాడు, లోపలికి రాడు. మంచినీళ్లు ఇస్తే గుమ్మం బయటే నిలబడి తాగేవాడు. కానీ ఎవరికే అవసరమొచ్చినా అందరికంటే ముందు ఆయనే ఉండేవాడు. అన్నయ్యకి ప్రాణం. అన్నయ్య చుట్టాల పేర్లు పెట్టాడంటే అన్నీ మా ఇంట్లో చుట్టాలే వదినా. లేని మేనమామ ఎలా వస్తాడు?"

నా చేతిలో దీపం ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాను.

"రెండు మాటలు నేను కొట్టేశాను," అన్నాను.

"ఏ రెండు మాటలు?" అన్నాడు మేస్త్రీ.

"వేలు, విడిచిన."

కాగితం ముక్క పారేసే అలవాటు నాకు లేదు. ఆడపడుచు నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని, బస్సు నడిపినంత వేగంతోనే ఇంటికి తీసుకెళ్లింది. బీరువా అడుగున, పాత పరీక్ష పేపర్ల కట్టల పక్కన, బిస్కెట్ల డబ్బాలో నూట నలభై రెండు అట్టముక్కలూ ఉన్నాయి. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. జిడ్డు మరకల మధ్య కోడి కెలికిన అక్షరాలు: 'వేలు విడిచిన మేనమావ.'

'మామ' కాదు, 'మావ'. అది దిద్దినట్టు నాకు గుర్తుంది. వరస ఏదైనా మామ మామే కదా, మ్యూజియం కార్డు మీద వంశవృక్షం ఎందుకు అనుకున్నట్టూ గుర్తుంది.

తిరిగి షెడ్డుకు వచ్చేసరికి మేస్త్రీ తొట్టి మూత విప్పి ఉంచాడు. అట్టముక్క చదివి నుదురు కొట్టుకున్నాడు.

"వేలు విడిచి పెట్టమని రాశాడు మహానుభావుడు! పలకకీ మూతలకీ మధ్య వేలెడు ఎడం ఉండాలి. ఆ ఎడం లేకే మూతలు తెరుచుకోవట్లేదు. ఎడం మరీ ఎక్కువైతే వెనక్కి విరుచుకుపడి మూసుకోవు. మేనమామ అక్కున చేర్చుకుని పిల్లలకి ఊపిరాడకుండా చేశాడమ్మా!"

"మీరే కదా చేర్చారు!" అంది ఆడపడుచు.

"కార్డు అలా ఉంది కదా!"

"కార్డు రాసింది నేను," అన్నాను. "తప్పు నాది. ఆయనది కాదు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఏడుస్తాననుకున్నారేమో. నాకు నవ్వు వచ్చింది. బడిలో ముప్పై ఏళ్లుగా ఇతరుల తప్పులు వెతికాను. నా తప్పు దొరికినందుకు ఇంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు. ఆయన సరిగ్గానే విప్పారు. సరిగ్గానే రాశారు. చెడగొట్టింది నా ఎర్రకలం.

"సరే, వేలెడంటే ఎవరి వేలు?" అంది ఆడపడుచు, తన చూపుడువేలు పైకెత్తి. మేస్త్రీ తన వేలు పక్కన పెట్టాడు. గడియారాల్లో చిన్న చిన్న పళ్లచక్రాలు పట్టుకునే వేళ్లు, పెన్సిల్లా సన్నగా ఉన్నాయి. స్టీరింగు పట్టే వేళ్లు దానికి రెట్టింపు లావున్నాయి.

"వాడి వేలే," అన్నాడు మేస్త్రీ. "నేను చూశాను కదా. ఏదైనా ఎడం చూడాలంటే ఉంగరం తీసి ఆ కొక్కేనికి తగిలించి, ఆ వేలే పెట్టేవాడు. అదేంట్రా, చూపుడువేలు ఉండగా అంటే, మిగతావన్నీ మసి కొట్టుకుపోయాయి, ఉంగరం చాటున ఇదొక్కటే శుభ్రంగా ఉంది అనేవాడు. ఇప్పుడు ఆ వేలు..."

ఆ మాట అక్కడే వదిలేసి, మర తిప్పి పలకను బాగా పైకి లేపాడు.

నేను ఉంగరం తీశాను. గోడకు కొక్కెం ఉంది, దాని కింద గోడ మీద సన్నగా అర్ధచంద్రాకారం గీత పడి ఉంది, ఆరేళ్లు ఉంగరం ఊగిన చోట. అక్కడే తగిలించి, తొట్టి మీదికి వంగి, ఇత్తడి పలక కింద నా బొటనవేలు పెట్టాను.

"దించండి అన్నయ్యా. వేలికి తగిలీ తగలనట్టు ఆగాలి."

"నొప్పి పుడితే చెప్పు చెల్లెమ్మా."

మర మెల్లగా తిరిగింది. చల్లటి ఇత్తడి గోటి మీద ఆనింది. "చాలు," అన్నాను. వేలు బయటికి తీశాను. నల్లగా మసి అంటింది. కడుక్కోలేదు.

ఆదివారం పొద్దున్నే ఊరు ఊరంతా మ్యూజియం ముందు చేరింది. పిడికర్రలు పట్టడానికి మా ఆడపడుచు తన డిపో నుంచి ఎనిమిదిమంది డ్రైవర్లనూ, నలుగురు కండక్టర్లనూ తెచ్చింది. ఒక కండక్టరుకు ముందురోజే నడుం పట్టిందని తేలింది.

"వదినా, నువ్వు రా," అంది.

"నేనా? కొంగు చూడు, నా వయసు చూడు."

"కొంగు దోపు. వయసు ఎవరూ అడగరు."

కార్యదర్శి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్తరం చేతిలో పట్టుకుని, అందరికంటే ముందు నిలబడ్డాడు. మేస్త్రీ ఆ రోజు ఒక్కనాడు చెప్పిన వేళకు అరగంట ముందే వచ్చాడు. కొత్తల్లుడి మూతి పెద్ద నీళ్ల తొట్టిలో ముంచారు. నీళ్లు చిమ్మే గొట్టం మ్యూజియం అమ్మాయి రెండు చేతులా పట్టుకుంది.

నేను కుడివైపు చివర నిలబడ్డాను. కర్ర అరచేతులకు నునుపుగా తగిలింది. ఆయన గాజుకాయితంతో తోమిన నునుపు.

"అందరూ నేను చెప్పినట్టు!" అని అరిచింది ఆడపడుచు. "అటు, రైట్! ఇటు, రైట్!"

మొదటిసారి బరువుగా లేచింది. రెండోసారి లోపల ఏదో గుటకవేసిన చప్పుడైంది. మూడోసారి తోలు మూతలు టపటపా కొట్టుకోవడం కాళ్ల కింద తెలిసింది. "పిల్లలకి ఊపిరాడుతోంది!" అని మేస్త్రీ కేక పెట్టాడు. జనానికి ఏమీ అర్థం కాకపోయినా వాళ్లూ కేక పెట్టారు. ఏడోసారికి గొట్టం పాములా మెలితిరిగింది. అమ్మాయి చేతుల్లోంచి పక్కకు తిరిగి, నేరుగా కార్యదర్శి గుండెల మీద ఒక్క ఉదుటున నీళ్లు కొట్టింది.

ఆయన కళ్లజోడు తీసి చూశాడు. తడవని చోటు వెతికాడు. దొరకలేదు. చేతిలోని ఉత్తరం ముద్దయిపోయింది.

"ఆపొద్దు!" అన్నాడు. "నన్ను కాదమ్మా, గంటని! గంటని కొట్టు!"

రైట్! రైట్! నా చేతులు భుజాల నుంచి ఊడిపోతాయనిపించింది. పక్కనున్న డ్రైవరు, "టీచర్ గారూ, మీరు గట్టివారే," అన్నాడు. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. అమ్మాయి గొట్టం పైకెత్తింది. ధార గోడ మీద పడింది, కిటికీ రెక్క మీద పడింది, చూరు తడిపింది. గూడు దాకా పోలేక వంగిపోతోంది.

"అత్తగారు ఇంకా బిగబట్టాలి!" అని మేస్త్రీ. "ఇంకో పది! పదే పది!"

"అటు రైట్! ఇటు రైట్!"

తొమ్మిదోదానికి గంట మోగింది.

గట్టిగా ఏమీ కాదు. ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు ఒక్కసారి. తర్వాత ధార నిలదొక్కుకుంది, ఇంకోసారి మోగింది, ఆ తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంది. నలభై ఏళ్ల దుమ్మూ పిచ్చుకగూళ్ల గడ్డీ కలిసిన నీళ్లు మా అందరి నెత్తిన పడ్డాయి. ఆడపడుచు కేకలు ఆపి పరుగున వచ్చి నన్ను తడితడిగా వాటేసుకుంది.

"అన్నయ్య ఉంటే ఏమనేవాడో తెలుసా?"

"తెలుసు," అన్నాను. "చూశావా, నువ్వు దిద్దకపోతే గురువారమే మోగేది అనేవారు."

సోమవారం లారీ రాలేదు. కార్యదర్శి జలుబుతో ముక్కు చీదుకుంటూనే ఉత్తరానికి జవాబు రాసి, తప్పులుంటే చూడమని నా దగ్గరికి పంపాడు. రెండున్నాయి. అలాగే వదిలేసి తిప్పి పంపాను. సాయంత్రం షెడ్డుకు వెళ్లి, కొక్కేనికి ఉన్న ఉంగరం తీసి పెట్టుకుని, ఇత్తడి పలకకు కొత్త కార్డు రాయడానికి కూర్చున్నాను. మ్యూజియం అమ్మాయి నా భుజం మీదుగా చూసింది.

"టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. 'మేనమామ' కదా? మీరు 'మావ' అని రాశారు."

"అంతేనమ్మా," అన్నాను. "ఇక్కడ మావే."